పరుగెత్తాల్సింది మీరు కాదు, బంతి!

ఆన్‌లైన్ కోడింగ్ టెస్టులో మీరింకా మొదటి ప్రశ్న చదువుతూనే ఉంటారు. పక్క సిస్టమ్ ముందున్న కుర్రాడు అప్పుడే రెండోది సబ్మిట్ కొట్టేస్తాడు. ఆ టైంలో కడుపులో ఏమవుతుందో మీకు తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు. ఇంజినీరింగ్ అయ్యాక వరసగా నాలుగు కంపెనీల్లో నేను బయటికొచ్చేసింది ఆ రౌండ్‌లోనే. నాలుగోసారి బుర్ర వేడెక్కిపోయి, ఫ్రెండ్ బైక్ ఎక్కి చాంద్రాయణగుట్ట దాటి బార్కస్ వెళ్లిపోయాం, మండీ తిందామని.

బార్కస్ మీలో చాలామంది చూసే ఉంటారు. నిజాం సైన్యం కోసం కట్టిన బ్యారక్స్, జనం నోట్లో నలిగి నలిగి బార్కస్ అయింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బుల వారసులు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. పొద్దున్నే హరీస్, మగవాళ్లకి రంగు రంగుల లుంగీలు. మండీలు మాత్రం రెండు రకాలు. ఒకటి పళ్లెంలో పెట్టి ఇచ్చేది, ఇంకోటి జామకాయలు అమ్మేది. వీటితోపాటు ఫుట్‌బాల్. సాయంత్రం గ్రౌండ్ పక్కన నిలబడితే ఎండ పోయేదాకా ఆట ఆగదు.

ఆ రోజు ఒక బక్కపిల్లాడు నా కంటపడ్డాడు. అవతలి జట్టులో చిరుతలా ఉరికేవాడు ఒకడున్నాడు. వాడిని పట్టుకోవడానికి మూడుసార్లు పరుగెత్తి మూడుసార్లూ వెనకబడ్డాడు. నాలుగోసారి అసలు పరుగెత్తనే లేదు. వాడికి బంతి అందించే పిల్లాడి ముందుకెళ్లి నిలబడ్డాడు. అంతే, ఆ ఉరికేవాడికి ఇక బంతే రాలేదు. మా పక్కనున్న పెద్దాయన నవ్వి, ఇది రహీం సాబ్ ఊరు కదా అన్నట్టు ఏదో అన్నాడు. ఆ రాత్రి గూగుల్ చేశా.

మీరు ‘మైదాన్’ సినిమా చూసుంటే సయ్యద్ అబ్దుల్ రహీం పేరు తెలిసే ఉంటుంది. 1909లో హైదరాబాద్‌లోనే పుట్టారు. ఉస్మానియాలో బీఏ చదివారు, యూనివర్సిటీ జట్టుకి ఆడారు. ఆ తర్వాత ఏం చేశారంటే, బడి పంతులుగా చేరారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ లాంటి చోట్ల స్కూళ్లలో పాఠాలు చెప్పారు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. 1940ల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి పదవి, సిటీ పోలీస్ జట్టు కోచింగ్ రెండూ ఆయన చేతికొచ్చాయి. ఆ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది.

నాకు సినిమాలోని ఫైనల్ కంటే ఈ పంతులు ఊళ్లో పిల్లలకి పెట్టిన టోర్నమెంట్లే ఎక్కువ ఆసక్తిగా అనిపించాయి. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలికి తగలగానే ఇంకొకడికి పంపేయాలి. ఇంకోదాంట్లో ఎడమ కాలితో, అంటే బలహీనంగా ఉన్న కాలితోనే ఆడాలి. ఐదుగురు ఐదుగురుగా ఆడే పోటీలూ పెట్టేవారు.

చూడ్డానికి పిల్లల ఆటల్లా ఉన్నాయి కదా. లెక్క వేరే ఉంది. వేగంగా పరుగెత్తేవాడికి కావాల్సినవి రెండే, కాస్త టైం, కాస్త ఖాళీ. మీరు బంతి కాలి దగ్గర పెట్టుకుని నాలుగు అడుగులు వేస్తే ఆ టైం వాడికి మీరే ఇచ్చినట్టు. తగలగానే పంపేస్తే వాడొచ్చేసరికి అక్కడ బంతి ఉండదు. ఎంత ఉరికేవాడైనా మనిషి, పాస్ కంటే ముందు వెళ్లలేడు. రెండో కాలి సంగతి కూడా ఇలాంటిదే. మీరు కుడికాలి ఆటగాడని తెలిస్తే, వేగంగా వచ్చేవాడు ఒక పక్క మూసేస్తాడు, సగం గ్రౌండ్ పోయినట్టే. టెన్నిస్ చూసేవాళ్లకి ఇది తెలిసిన విషయమే. కాళ్లలో స్ప్రింగులున్నవాడి మీద ఖాళీ మూలకి కొట్టి లాభం లేదు, అందుకుంటాడు. వాడు ఏ చోటు వదిలి పరుగు మొదలెట్టాడో అక్కడికే కొట్టాలి. ఆగి వెనక్కి తిరగాలంటే వాడి వేగమే వాడికి అడ్డం.

అల్వాల్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం రహీం కంట్లో పడింది ఈ రోజుల్లోనే. రోజూ హైదరాబాద్ వచ్చి ప్రాక్టీస్ చేయడానికి ఆ కుర్రాడి దగ్గర డబ్బుల్లేవు. సైకిల్ అద్దెకి రహీమే ఇచ్చారు.

ఇదంతా చదివి ఆయన ఎప్పుడూ గెలిచేవారని అనుకోకండి. 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్ ఫైనల్లో ఇరాన్‌ని 1-0తో ఓడించి బంగారం తెచ్చారు, సరే. మరుసటేడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. టైపింగ్ మిస్టేక్ కాదు, పదే. మనవాళ్లలో చాలామంది ఆ చలిలో ఉత్తి కాళ్లతో ఆడారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి.

రహీం ఆట పద్ధతినే మార్చేశారు. అప్పటిదాకా సెంటర్ ఫార్వర్డ్ అంటే గోల్ ముందు కాపుకాసేవాడు. రహీం అతన్ని కిందకి, మిడ్‌ఫీల్డ్ వైపు లాగారు. ఇప్పుడు అతన్ని కాపలా కాసే డిఫెండర్‌కి చిక్కొచ్చిపడింది. వెంట వెళితే వెనక ఖాళీ అవుతుంది. వెళ్లకపోతే ఇతను తీరిగ్గా బంతి అందుకుని పాస్ ఇస్తాడు. ఆ డిఫెండర్ ఎంత వేగంగా పరుగెత్తగలడన్నది ఇక్కడ పనికిరాదు, ఎటు పరుగెత్తాలో తెలిస్తే కదా. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు ఆస్ట్రేలియాని 4-2తో కొట్టారు, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. సెమీస్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. ఈసారి మొదటి గోల్ మనదే. చివరికి 4-1తో ఓడిపోయారు, నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. నాలుగేళ్లలో పది గోల్స్ నాలుగయ్యాయి. గ్రాఫ్ గీసి చూడండి.

1962, జకార్తా ఏషియన్ గేమ్స్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. 1956, 1960 ఆసియా కప్పులు రెండూ గెలిచిన జట్టు అది. థాయ్‌లాండ్‌ని, జపాన్‌ని, సెమీస్‌లో దక్షిణ వియత్నాంని దాటుకుని ఫైనల్‌కి వస్తే ఎదురుగా మళ్లీ కొరియానే. మధ్యలో రెండు వారాలు కూడా లేవు. ఆ టైంలో ఎవరినీ కొరియావాళ్లంత వేగంగా తయారుచేయలేరు. పైగా డిఫెన్స్‌లో కొండలాంటి జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి.

రహీం అతన్ని తప్పించలేదు. వెనక నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టారు, ముందు సెమీస్‌లో, తర్వాత ఫైనల్లో. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం ఎలా ఆడతారో కొరియావాళ్లు మొదటి మ్యాచ్‌లో చూశారు. జర్నైల్ ముందు నిలబడితే ఎలా ఉంటుందో వాళ్ల మీద ఎప్పుడూ పడలేదు. మన భాషలో చెప్పాలంటే, వాళ్ల దగ్గరున్న డేటా పాతబడిపోయింది.

సెప్టెంబర్ 4. ఇండోనేషియా సర్కారు ఇజ్రాయెల్, తైవాన్‌లని రానివ్వకపోవడాన్ని మన అధికారి ఒకాయన తప్పుబట్టడంతో స్టేడియం మొత్తం మనమీద కోపంగా ఉంది. దాదాపు లక్షమంది అరుపులు. పాకిస్థాన్ హాకీ జట్టు మనకి చప్పట్లు కొట్టిందంటే పరిస్థితి ఊహించుకోండి. మొదటి 20 నిమిషాల్లోనే పీకే ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టేశారు. ఇక పరుగెత్తాల్సిన అవసరం కొరియాకి వచ్చింది, మనకి కాదు. వాళ్లు ఒకటి తిరిగిచ్చేసరికి ఆట అయిపోవచ్చింది. 2-1.

నా సంగతి అడుగుతారేమో. బార్కస్ నుంచి వచ్చాక టైపింగ్ స్పీడ్ పెంచుకునే యాప్ డిలీట్ చేశా. టెస్టులో మొదటి పది నిమిషాలు కీబోర్డ్ ముట్టుకోకుండా అన్ని ప్రశ్నలూ చదివి, ఏవి వదిలేయాలో ముందే తేల్చుకోవడం మొదలెట్టా. ఐదో కంపెనీలో కూడా పోయింది. ఆరోదాంట్లో వచ్చింది. అదంతా రహీం సాబ్ చలవే అని చెప్పను, ఆ రోజు ప్రశ్నలు కూడా కాస్త కలిసొచ్చాయి.

జకార్తా నుంచి తిరిగొచ్చాక ఆయన ఏడాది కూడా బతకలేదు. 1963 జూన్ 11న ఊపిరితిత్తుల కేన్సర్‌తో చనిపోయారు. అప్పటికి 53 ఏళ్లు. పోలీస్ జట్టు కోచ్ పదవి చివరిదాకా ఆయనదే. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో 1970లో మనకి ఒక కాంస్యం వచ్చింది. బంగారం మాత్రం జకార్తాలో వచ్చిందే ఆఖరిది.