పావు సరే.. దేంట్లో పావు? వాటాల లెక్క తేల్చిన అల్ ఖ్వారిజ్మీ

గోదావరిఖని, రామగుండం సింగరేణి కాలనీల్లో ఇంటి పెద్ద కన్నుమూస్తే, కొన్నాళ్లకు వాటాల మాట రాక తప్పదు. పావు, ఎనిమిదో వంతు అందరికీ తెలిసినవే. గొడవ వచ్చేది ఒక్క దగ్గరే. దేంట్లో పావు? ఈ లెక్కను దాదాపు 1200 ఏళ్ల కిందే బాగ్దాద్‌లో ఒకాయన విడమరిచి చెప్పారు. ఆయనే ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ.

ఆయన క్రీ.శ. 780 ప్రాంతంలో పుట్టారని చరిత్రకారుల అంచనా. ఖ్వారిజ్మ్ అంటే అరల్ సముద్రానికి దక్షిణాన ఉన్న ప్రాంతం. ఆ పేరే ఆయనకు నిలిచిపోయింది. ఖలీఫా మామూన్ (813-833) కాలంలో బాగ్దాద్‌లోని బైతుల్ హిక్మాలో పనిచేశారు. మన దేశపు అంకెలతో లెక్కలు చేసే పద్ధతి మీద కూడా ఒక పుస్తకం రాశారు. దాని అరబీ మూలం దొరకలేదు, లాటిన్ రూపాలే మిగిలాయి.

ఆయనకు పేరు తెచ్చింది అల్ జబ్ర్ పుస్తకం. ఆల్జీబ్రా అన్న మాట అక్కడిదే. అరబీలో భిన్నాన్ని కస్ర్ అంటారు, అంటే విరగడం. తెలుగులో భిన్నం అన్నా అదే అర్థం. జబ్ర్ అంటే విరిగినదాన్ని చేర్చి మళ్లీ పూర్తి చేయడం. ఆ పుస్తకంలో పెద్ద భాగం వసీయత్, మీరాస్ లెక్కలకే పోయింది. అంకెలు వాడకుండా అన్నీ మాటల్లోనే రాశారు.

అందులో ఒక లెక్క ఇది. ఒక స్త్రీ చనిపోయింది. భర్త, ఒక కొడుకు, ముగ్గురు బిడ్డలు ఉన్నారు. బయటి మనిషి ఒకరికి తన ఆస్తిలో ఎనిమిదో వంతు, ఏడో వంతు కలిపి ఇవ్వాలని వసీయత్ చేసింది. ఖ్వారిజ్మీ ఆస్తి మొత్తాన్ని 1120 భాగాలు చేశారు. ఒక్కో భాగం వెయ్యి రూపాయలనుకుంటే 11 లక్షల 20 వేలు.

ముందు వసీయత్ తీయాలి. ఎనిమిదో వంతు 140, ఏడో వంతు 160, కలిపి 300 భాగాలు. మిగిలింది 820. వారసుల వాటాలు ఈ 820లోనే. భర్తకు పావు అంటే 205. మిగతా 615లో కొడుక్కి రెండు పాళ్లు, ఒక్కో బిడ్డకు ఒక పాలు. కొడుక్కి 246, ఒక్కో బిడ్డకు 123.

ఇక్కడ భర్త మొత్తం 1120లో పావు అనుకుని 280 తీసుకుంటే? 75 భాగాలు, అంటే 75 వేలు ఎక్కువ పోయినట్టే. కొడుక్కి 30 వేలు, ఒక్కో బిడ్డకు 15 వేలు తగ్గిపోతాయి. ఎవరూ మోసం చేయలేదు. పావు అన్న మాటా తప్పు కాదు. దేంట్లో పావో చూసుకోకపోవడమే తప్పు.

లెక్క సరిచూసుకునే దారి కూడా ఇందులోనే ఉంది. 300, 205, 246, మూడు 123లు కూడితే మళ్లీ 1120 రావాలి. రాకపోతే ఎవరి హక్కో ఎక్కడో ఆగిపోయినట్టు.

ఖ్వారిజ్మీ 850 ప్రాంతంలో కన్నుమూశారు. 1145లో ఆయన ఆల్జీబ్రా లాటిన్‌లోకి వెళ్లింది. ఆయన పేరు నుంచే అల్గారిథమ్ అన్న మాట పుట్టింది. లాటిన్ అనువాదకులు మీరాస్ భాగాన్ని వదిలేశారు. మన ఇళ్లలో మాత్రం ఆ భాగంతోనే ఎక్కువ పని. వాటాలకు కూర్చునే ముందు కాగితం మీద మొదట రాయాల్సింది పేర్లు కాదు, మొత్తం ఎంతో.