థామస్ ఆడిసన్

మూత్రపిండములు రెండింటిపైనను చిన్న టోపీలవలె రెండు గ్రంథులు గలవు. వానిని అధివృక్క గ్రంథులందురు. 16వ శతాబ్దమున ఇటలీ దేశీయుడగు యూస్టాకియస్ వీనిని వర్ణించెను గాని, ఇవి దేనికొఱకున్నవో చిరకాలము ఎవ్వరికిని తెలియలేదు. 18వ శతాబ్దారంభమున ఫ్రాన్సులోని బోర్డో నగర విద్వత్పరిషత్తు, వీని ప్రయోజనము తెలిపినవారికి బహుమానము ప్రకటించెను. వచ్చిన వ్యాసములలో ఒక్కటియు యోగ్యముగ తోచలేదు, బహుమానము మిగిలిపోయెను. ఈ చిక్కుముడిని విప్పుటకు దారి చూపినవాడు ఆంగ్ల వైద్యుడగు థామస్ ఆడిసన్. విద్యుద్దీపముతో పేరుగన్న ఎడిసన్ వేఱు, ఇతడు వేఱు.

ఆడిసన్ న్యూకాజిల్ నగరమునకు చేరువనున్న లాంగ్ బెంటన్ గ్రామమున 1790 తరువాతి సంవత్సరములలో జన్మించెను. తండ్రి పచారి సరకుల వర్తకుడు. బాల్యముననే లాటిన్ భాషలో ఆరితేఱిన ఆడిసన్, ఎడిన్‌బరోలో వైద్యోపన్యాసములను ఆ భాషలోనే వ్రాసికొనెడివాడట. 1815లో పట్టము పొంది, 1817లో లండనులోని గైస్ వైద్యశాలలో చేరి, తక్కిన జీవితమంతయు అచ్చటనే గడపెను. బోధనయందు దిట్ట. కాని స్వభావముచే బిడియస్థుడు. ఆ బిడియము పరులకు గర్వమువలె కన్పట్టెడిది. శిష్యులకు మాత్రము ఆయనయన్న ఎనలేని గౌరవము.

ఆ వైద్యశాలకు కొందఱు ఒక వింతజబ్బుతో వచ్చుచుండిరి. వారు దినదినమునకు నీరసించుచుండిరి. ఆకలి మందగించును, వాంతులగును, నాడి బలహీనపడును, చర్మము పొగచూరినట్లు నల్లబడును. ఏ మందును పనిచేయలేదు. మరణించినవారి శరీరములను పరీక్షింపగా, అధివృక్క గ్రంథులు చెడియుండుట ఆడిసన్ గమనించెను. 1855లో పదునొకండుగురు రోగుల వృత్తాంతములతో గ్రంథము ప్రకటించెను. కొందఱి గ్రంథులను క్షయ, కొందఱి గ్రంథులను క్యాన్సరు పాడుచేసియుండెను. ఒక రోగిలో మాత్రము అవి తెలియరాని కారణముచే ముడుచుకొనిపోయియుండెను.

స్వదేశమున పలువురు వైద్యులు ఆయన మాటను నమ్మలేదు. పారిస్‌లో ట్రూసో అను వైద్యుడు నమ్మి, ఆ వ్యాధికి ఆడిసన్ పేరే పెట్టెను. ఆడిసన్ మనోవ్యాధిచే కృశించి, 1860 జూన్ 29న బ్రైటన్‌లో మరణించెను.

ఆయన చూచినవారు చాలవఱకు పెద్దలు. పిల్లలకు ఈ వ్యాధి ఎట్లు వచ్చునో తరువాతివారు తెలిసికొనిరి. పసిపిల్లలలో ముఖ్యమైనది పుట్టుకతో వచ్చు లోపము. తల్లిదండ్రులిరువురును ఆరోగ్యవంతులే కావచ్చును. కాని ఇరువురినుండియు లోపమున్న జన్యువు బిడ్డకు సంక్రమించినచో, గ్రంథి తన రసమును తయారుచేసికొనజాలదు. అట్టి శిశువులలో పలువురికి పుట్టిన కొలదివారములలోనే శరీరమందలి ఉప్పు మూత్రమున పోయి ప్రాణాపాయము కలుగును. పెద్దపిల్లలలో, దేహమును కాపాడవలసిన రక్తకణములే పొరపాటున గ్రంథిని నాశనము చేయుట కలదు. ఆడిసన్ చూచిన ముడుచుకొన్న గ్రంథుల రహస్యము ఇదియే యని నేటి వైద్యులు తలంతురు. క్షయ ఇప్పటికిని ఒక కారణమే. తీవ్రమైన మెదడుపొరల జ్వరమున గ్రంథులలో రక్తస్రావము కలుగవచ్చును. చిరకాలము వాడిన స్టెరాయిడు మందును వైద్యుని అడుగక హఠాత్తుగ మానినను ఇట్టి ఆపదయే వచ్చును.

గ్రంథిరసములను వేఱుచేసి పరిశోధించిన కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్ అను మువ్వురికి 1950లో నోబెల్ బహుమానము లభించెను. నేడు అట్టి పిల్లలు ప్రతిదినము హైడ్రోకార్టిసోన్ మాత్రలు వేసికొని బడికి పోవుచున్నారు. జ్వరము వచ్చిననాడు వైద్యుడు చెప్పినట్లు మోతాదు పెంచుదురు. వాంతులై మాత్ర నిలువకున్నచో సూదిమందు వేయుదురు.