నౌకాధిపతి మోలర్

ఐరోపా ఖండమున ఉత్తర సముద్రతీరమున డెన్మార్కు అను చిన్న దేశము కలదు. అచటి జనులు పలువురు పూర్వము నుండియు ఓడలనే నమ్ముకొని జీవించిరి. అట్టి నావికుల యూరైన డ్రాగోర్‌లో 1876వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన ఆర్నాల్డ్ పీటర్ మోలర్ జన్మించెను.

తండ్రి పీటర్ మెర్స్క్ మోలర్ ఓడ కప్తాను, మిక్కిలి దైవభక్తుడు. తెరచాప ఓడలకు కాలము తీరనున్నదని గ్రహించి, 1886లో ఆయన లారా అను ఆవిరి ఓడను కొనెను. తన భార్య తీవ్రవ్యాధి నుండి కోలుకొన్నందుకు కృతజ్ఞతగా దాని పొగగొట్టముపై నీలిపట్టీ నడుమ తెల్లని నక్షత్రమును వేయించెను. ఆ నక్షత్రమే పిదప కుమారుని సంస్థకు చిహ్నమయ్యెను.

మోలర్ యౌవనమున ఇంగ్లండు, జర్మనీ, రష్యా దేశములలో వర్తకము నేర్చెను. 1904లో తండ్రితో కలసి స్వెండ్‌బోర్గ్ పట్టణమున ఓడల కంపెనీని స్థాపించెను. వారి తొలి ఓడ క్రొత్తది కాదు. ఒకరు వాడి అమ్మినది. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఆయన ఓడెన్సెలో నౌకానిర్మాణశాలకు పునాది వేసెను. 1928లో చమురు మోయు ఓడలను సమకూర్చుకొనెను. ఆ యేటనే అమెరికా నుండి తూర్పు ఆసియాకు సరకుల ఓడలను క్రమముగా నడపసాగెను. రెండవ ప్రపంచయుద్ధమున ఆయన ఓడలలో సగమునకు పైగా నశించెను. పలువురు నావికులు ప్రాణములు గోల్పోయిరి. అయినను ఆయన ధైర్యము వీడక సంస్థను మరల నిలబెట్టెను.

డెన్మార్కు భూమిలో చమురు కొరకు అమెరికా కంపెనీలు ఏండ్ల తరబడి వెదకి, ఫలము గానక విడిచిపోయెను. అట్టి తరుణమున, 1962 జూలైలో, మోలర్ తన దేశపు భూగర్భమున చమురును, సహజవాయువును వెదకి తీయు హక్కును ప్రభుత్వము నుండి ఏబది యేండ్లకు పొందెను. అప్పటికాయన వయస్సు ఎనుబదియైదు! సముద్రపు టడుగును తొలుచుట కోట్ల ధనముతో కూడిన పని. నిధి దొరకునను హామీ లేదు. అందుచే ఆయన షెల్, గల్ఫ్ కంపెనీలను భాగస్వాములుగా చేర్చుకొని, కష్టనష్టములను పంచుకొనెను.

1965 జూన్ 12న మోలర్ కన్నుమూసెను. మరుసటి యేడు, 1966లో, డెన్మార్కు సముద్రమున చమురు కనబడెను. ఆయన కుమారుడు ఆ పనిని కొనసాగించెను. నడిసముద్రపు వేదికలకు గొట్టములు, యంత్రములు, ఆహారము చేరవేయవలెను గదా! ఆ పనికై 1967లో ప్రత్యేకముగా ఒక నౌకాసంస్థ ఏర్పడెను. 1972లో బావులు త్రవ్వు శాఖ వెలసెను. ఆ యేటనే తొలి చమురు వెలికి వచ్చెను. 1997 నాటికి డెన్మార్కు తనకు వలసిన ఇంధనమును తానే సమకూర్చుకొనగలిగెను. 2018లో చమురు తీయు శాఖ ఫ్రాన్సు దేశపు టోటల్ కంపెనీకి చెందినది.

కీడు రాకముందే మేలుకొని జాగ్రత్తపడుట మోలర్ జీవితనియమము. వృద్ధుడు నాటిన మామిడి మొక్క ఫలములను మనుమలు తిందురు. ఫలము తనకు దక్కకున్నను, పని తనదే యని భావించినవాడు మోలర్.