జగదీశ చంద్ర బోసు

స్మార్ట్‌ఫోనుతో తీసిన చిత్రములు నేడు మన యిండ్లలో తీగ యేదియు లేకయే కంప్యూటరును చేరుచున్నవి. రెండు యంత్రములును ఒకే వైఫైలో కలిసియున్నచో, క్రొత్తది యేదో, మునుపే చేరినది యేదో సరిచూచుకొని, లేనిదానిని మాత్రమే పంపుకొనుచున్నవి. దీనినే సింక్ అందుము. ఈ వార్తలను మోయునవి కంటికి కానరాని విద్యుదయస్కాంత తరంగములు. నూరేండ్లకు పూర్వమే వానిని మన దేశమున పుట్టించి, గోడల గుండ పంపి చూపిన మహనీయుడు జగదీశ చంద్ర బోసు.

బోసు 1858 నవంబరు 30వ తేదీన వంగదేశమందలి మైమెన్‌సింగులో జన్మించెను. తండ్రి భగవాన్ చంద్ర బోసు డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆ కాలమున ఉద్యోగుల బిడ్డలు ఇంగ్లీషు బడికి పోవుటయే గౌరవము. ఐనను ఆయన కుమారుని వంగభాషా పాఠశాలకే పంపెను. తన భాషను, తన జనులను ఎరిగిన పిదపనే పరభాష నేర్వవలెనని ఆయన నమ్మకము. అచట జగదీశునికి ఇరుప్రక్కల బంట్రోతు కొడుకును, జాలరి కొడుకును కూర్చుండెడివారు. వారు చెప్పిన పక్షుల కథలు, జలచరముల కథలు ఆ బాలునిలో ప్రకృతిపై ఆసక్తిని నాటెను.

పిదప కలకత్తాలో చదివి, వైద్యవిద్యకై ఇంగ్లండు పోయెను. జ్వరపీడచే అది విడిచి, కేంబ్రిడ్జిలో ప్రకృతి శాస్త్రములను అభ్యసించెను. 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఉపన్యాసకుడయ్యెను. భారతీయుడగుటచే ఆయనకు ఆంగ్లేయులకంటె తక్కువ జీతము నిర్ణయించిరి. ఆయన కలహింపలేదు, పాఠములు మానలేదు, మూడేండ్లు జీతమును మాత్రము ముట్టలేదు. తుదకు అధికారులే తలయొగ్గి పూర్తి జీతమును వెనుకటి కాలముతో సహా చెల్లించిరి. ఆ ధనముతో తండ్రి అప్పులు తీర్చెను.

దీర్ఘ తరంగములతో పరిశోధించుటకు పెద్ద పరికరములు కావలెను. అందుచే బోసు హ్రస్వ తరంగములను ఎన్నుకొని, బల్లపై ఇమిడెడు యంత్రములను తయారుచేసెను. ఆయన తరంగముల పొడవు 5 మిల్లీమీటర్ల వరకు తగ్గెను. 1895లో కలకత్తా టౌన్‌హాలులో ఆయన పంపిన తరంగములు గోడలు దాటిపోయి గంట మ్రోగించెను, తుపాకిమందు ప్రేల్చెను. 1897లో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఈ విషయమై ప్రసంగించెను.

విజ్ఞానమును విక్రయింపరాదని తలచి, ఆయన పేటెంటులను ఆశింపలేదు. మిత్రుల ఒత్తిడిచే పొందిన గెలీనా గ్రాహకపు అమెరికా పేటెంటు 1904 నాటిది. తరువాత వృక్షముల స్పందనలను పరిశీలించెను. 1917లో బోసు విజ్ఞాన మందిరమును స్థాపించెను. 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూసెను.

మన యింటి వైఫై తరంగములు సాధారణముగ 12 లేక 6 సెంటీమీటర్ల పొడవు గలవి. కాని 2012లో వెలువడిన వైర్‌లెస్ ప్రమాణమొకటి సెకనుకు 6,000 కోట్ల కంపనముల తరంగములను వాడుచున్నది. అవి బోసు బల్లపై ఆడిన 5 మిల్లీమీటర్ల తరంగములే!

అంతటి శాస్త్రజ్ఞుడు మాతృభాషను మరువలేదు. వంగభాషలో శాస్త్ర వ్యాసములు వ్రాసి, 1921లో 'అవ్యక్త' యను గ్రంథముగ ప్రకటించెను. పరభాషా ప్రాంతమున తెలుగు బడిలో చదువుచున్న మనము కొన్నివేళల వెనుకబడుదుమేమో యని శంకింతుము. జాలరి బిడ్డ ప్రక్కన కూర్చుండి మాతృభాషలో అక్షరములు దిద్దిన ఆ బాలుని తలచుకొన్నచో, ఆ శంక మనకు నిలువదు.