థియొబాల్డ్ స్మిత్

సికిందరాబాదులో 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ దొర దోమ కడుపులో మలేరియా జీవిని కనుగొనిన సంగతి మన మెదకు విద్యార్థులందఱు విన్నదే. అంతకు నాలుగేండ్ల ముందే, రక్తములో పెరుగు సూక్ష్మజీవిని చిన్న పురుగు ఒక పశువునుండి మఱియొక పశువునకు చేర్చునని నిరూపించిన మహనీయుడు థియొబాల్డ్ స్మిత్.

ఆయన 1859 జూలై 31న అమెరికాలోని ఆల్బనీ నగరమున, జర్మనీనుండి వలసవచ్చిన దంపతులకు జన్మించెను. తండ్రి దర్జీ. స్మిత్ కార్నెల్ విశ్వవిద్యాలయమున పట్టము పొంది, 1883లో వైద్యపరీక్షయందు కృతార్థుడై, వాషింగ్టనులోని పశుపరిశ్రమశాఖలో ఉద్యోగమున ప్రవేశించెను.

ఆ కాలమున టెక్సాసు జ్వరము పశువులను మందలు మందలుగ హరించుచుండెను. దక్షిణ రాష్ట్రముల పశువులు చూపునకు ఆరోగ్యముగనే యుండెడివి. కాని యవి ఉత్తరమునకు పోయి మేసిన బీళ్లలో పిమ్మట మేసిన అచటి పశువులకు తీవ్రజ్వరము వచ్చి, మూత్రము ఎఱ్ఱబాఱి, పెక్కు చచ్చుచుండెను. పిడుదులే, అనగా మనవారు గోమార్లని పిలుచు పురుగులే, దీనికి కారణమని పశువుల కాపరులు చెప్పగా, పండితులు పరిహసించిరి. స్మిత్ మాత్రము ఆ మాటను పరీక్షింప దలచెను.

1889లో మొదలుపెట్టి, కిల్బోర్న్ అను పశువైద్యుని సాయముతో కంచె వేసిన బీళ్లలో ప్రయోగములు చేసెను. పిడుదులున్న దక్షిణపు పశువులతో కలసిన ఉత్తరపు పశువులు జబ్బుపడెను. పిడుదులను ఏఱివేసిన దక్షిణపు పశువులతో కలసినవి క్షేమముగ నుండెను. కేవలము పిడుదులను చల్లిన బీటిలో మేసినవియు జబ్బుపడెను! ఎఱ్ఱ రక్తకణములలో జంటలుగ నుండు జీవిని సూక్ష్మదర్శినితో స్మిత్ కనుగొనెను. రక్తము త్రాగిన తల్లి పిడుదు నేలరాలి గ్రుడ్లు పెట్టగా, దాని పిల్లలే వ్యాధిని మఱియొక పశువునకు చేర్చునని తేలెను. ఈ ఫలితములు 1893లో వెలువడెను.

దక్షిణపు పశువులు చావకుండుటకు కారణమేమి? దూడప్రాయమున జబ్బు స్వల్పముగ సోకి, వానికి తట్టుకొను శక్తి కలుగును. అయినను రక్తములో వ్యాధిజీవి నిలిచియుండును. కావున మందలో వ్యాధి యెంత వ్యాపించినదో కంటిచూపున తెలియదు, రక్తపరీక్షయే శరణ్యము. పిడుదు లెఱుగని ప్రాంతమునుండి క్రొత్తగ తెచ్చిన పెద్ద పశువులకే అపాయ మధికము. తెలంగాణములోను బబేసియా, థైలేరియా అను రక్తవ్యాధులు నేటికిని కలవు. నాటు పశువులకంటె విదేశజాతి సంకరపశువులు వీనికి త్వరగ లొంగును. ఎండవానల కాలమున పిడుదులు ప్రబలును; కొట్టపు గోడల నెఱ్ఱెలలో కొన్నిజాతుల పిడుదులు దాగును. కావున పశువు మేనివలెనే కొట్టమును శుభ్రముగ నుంచవలెను.

అమెరికా ప్రభుత్వము 1906లో పిడుదుల నిర్మూలనమునకు పూనుకొని, కొన్ని దశాబ్దములలో ఆ జ్వరమును దేశమున చాలవఱకు తొలగించెను. స్మిత్ పిమ్మట హార్వర్డునందును ప్రిన్స్‌టనునందును పనిచేసి, 1934 డిసెంబరు 10న పరలోకగతుడయ్యెను. రాస్ దొరకు 1902లో నోబెల్ బహుమానము లభించెను. స్మిత్‌నకు అది లభింపలేదు. కాని కాపరి మాటను త్రోసివేయక, గుడ్డిగ నమ్మక, పరీక్షించి సత్యమును తేల్చిన ఆయన మార్గము విద్యార్థులకు సదా అనుసరణీయము.