చేతిలోని ఉలిని మిషన్‌కు అప్పజెప్పిన హెన్రీ మాడ్స్‌లే

ఇంజనీరింగో, పాలిటెక్నిక్కో చదివిన మనవాళ్ళకి కాలేజీ వర్క్‌షాపులో లేతు ముందు నిలబడిన రోజులు గుర్తుండే ఉంటాయి. ఇప్పుడు మనలో ఎక్కువమందికి కీబోర్డే పనిముట్టు. అయినా కెనడా చలికాలంలో బేస్‌మెంట్లో చిన్న లేతు పెట్టుకుని కాలక్షేపం చేసేవాళ్ళు లేకపోలేదు. నేనూ వాళ్ళలో ఒకణ్ణే. ఆ లేతు మీద టూల్‌ని పట్టుకునే భాగాన్ని చూసినప్పుడల్లా నాకు హెన్రీ మాడ్స్‌లే గుర్తొస్తాడు.

ఏటికొప్పాక బొమ్మలు చేసేవాళ్ళని చూశారా? అంకుడు కర్ర తిరుగుతూంటే ఉలిని చేత్తో పట్టుకుని చెక్కుతారు. రెండు వందల ఏళ్ళ క్రితం ఇనుము మీద కూడా చాలావరకు అలాగే చేసేవారు. చెయ్యి వణికితే పని పాడయ్యేది. ఒకే కొలతతో రెండు వస్తువులు తీయడం గగనం.

మాడ్స్‌లే 1771 ఆగస్టు 22న లండన్ దగ్గర వూలిచ్‌లో పుట్టాడు. తండ్రి అక్కడి ఆయుధాగారంలో పనిచేసేవాడు. పన్నెండో ఏటే ఆ పిల్లవాడు తూటాల్లో మందు కూరే పనిలో చేరాడు. తర్వాత వడ్రంగం, ఆ తర్వాత కొలిమి. పద్దెనిమిదేళ్ళకి అతని పనితనం విని తాళాల తయారీదారు జోసెఫ్ బ్రామా పిలిపించుకున్నాడు. తెరిచినవాళ్ళకి 200 గినీలు ఇస్తామని బ్రామా తన దుకాణం కిటికీలో ఒక తాళం పెట్టాడు. 1851లో అమెరికన్ హాబ్స్ వచ్చేదాకా దాన్ని ఎవరూ తెరవలేకపోయారు. ఆ తాళాల భాగాలు చేసే యంత్రాల వెనక ఉన్నది మాడ్స్‌లే చెయ్యే. పేరు మాత్రం యజమానిది!

పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. వారానికి 30 షిల్లింగుల జీతం చాలక పెంచమని అడిగాడు. బ్రామా ఒప్పుకోలేదు. 1797లో బయటికొచ్చి సొంత షాపు పెట్టుకున్నాడు. జీతం పెంచకపోతే ఉద్యోగం మారడం మనకీ కొత్త కాదు కదా!

1800 ప్రాంతంలో అతను తయారుచేసిన మరల లేతు చరిత్రకెక్కింది. టూల్‌ని బిగించి జరిపే స్లయిడ్ రెస్టు అతని సొంత ఊహేమీ కాదు. ఫ్రాన్సులో వోకాన్సన్ లాంటివాళ్ళు అంతకుముందే చేశారు. కానీ స్లయిడ్ రెస్టునీ, లీడ్ స్క్రూనీ, మార్చుకునే పళ్ళచక్రాలనీ ఇనుప చట్రం మీద కచ్చితంగా కలిపి, రోజువారీ పనికొచ్చేలా చేయడంలోనే అతని ఘనత ఉంది.

మన చిన్న లేతుల మీద టూల్ పోస్టు ఆ వంశంలోదే. అందులో టూల్ మొన సరిగ్గా లేతు సెంటర్ ఎత్తులో ఉండాలి. పైకుంటే కోయకుండా రాసుకుంటుంది. కిందికుంటే ఫేసింగ్ చేసినప్పుడు మధ్యలో చిన్న బొడిపె మిగులుతుంది. నేను చేసే పరీక్ష సులువైనది. లేతు ఆపి, గుండ్రటి కడ్డీకీ టూల్ మొనకీ మధ్య సన్నటి స్టీలు స్కేలుని మెల్లగా నొక్కి చూస్తాను. నిలువుగా నిలబడితే ఎత్తు సరే. స్కేలు పైభాగం మనవైపు వాలితే టూల్ కిందికున్నట్టు, అవతలికి వాలితే పైకున్నట్టు. నాలుగువైపుల పోస్టయితే అడుగున సన్నటి రేకులు పేర్చాలి. త్వరగా మార్చే క్విక్ చేంజ్ పోస్టయితే ఒక నట్టు తిప్పితే చాలు, ప్రతి హోల్డరూ తన ఎత్తుని గుర్తుంచుకుంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు డబ్బు పెట్టదలచుకుంటే ముందు దీనిమీద పెట్టమంటాను. అయితే మీ లేతు సైజుకి సరిపడేదే కొనండి.

ఇక మాడ్స్‌లే పెద్ద పని పోర్ట్స్‌మత్‌లో. మార్క్ బ్రూనెల్ రూపకల్పన చేసిన ఓడకప్పీల యంత్రాలని ఇతనే తయారుచేశాడు. 1808 నాటికి అవి ఏడాదికి 1,30,000 కప్పీలు తీసేవి. 110 మంది నిపుణుల పనిని పదిమంది మామూలు కూలీలు చేశారంటారు. ఈ లెక్క చదివితే నాకు మెచ్చుకోలూ గుబులూ రెండూ కలుగుతాయి. ఆటోమేషన్ మాట వింటే మన ఆఫీసుల్లో కలిగే భయం ఆనాటి కప్పీలవాళ్ళకి ముందే తెలుసు. అయితే మాడ్స్‌లే షాపులో నైపుణ్యం చచ్చిపోలేదు. యంత్రాన్ని అమర్చే చేతిలోకీ, కొలిచే కంటిలోకీ మారింది. అంగుళంలో పదివేలో వంతు కొలిచే మైక్రోమీటర్‌ని అక్కడ లార్డ్ చాన్సలర్ అని పిలిచేవారు. కొలతల తగాదాలో దానిదే తుది తీర్పు.

అతని దగ్గర పనిచేసినవాళ్ళు తర్వాత మహా ఇంజనీర్లయ్యారు. నాస్మిత్ ఆవిరి సుత్తి చేశాడు. విట్‌వర్త్ 1841లో మరలకి ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. క్లెమెంట్ బాబేజ్ గణనయంత్రం భాగాలు చేశాడు. కంప్యూటర్ల మీద బతికే మనం ఆ చివరి పేరు మర్చిపోకూడదు. ఇక్కడ ఒంటారియోలోని మిల్టన్‌లో పీటర్ రాబర్ట్‌సన్ 1908లో మొదలుపెట్టిన చతురస్రపు గుంట స్క్రూలు కూడా, ఒకేలాంటి మరలు కోసే విద్య ముందే కుదిరి ఉండబట్టే సాధ్యమయ్యాయి.

ఫ్రాన్సులో స్నేహితుణ్ణి చూసి వస్తూ జలుబు చేసి జబ్బుపడి, 1831 ఫిబ్రవరి 14న మాడ్స్‌లే చనిపోయాడు. వూలిచ్ చర్చి ఆవరణలో అతని సమాధిని తను గీసుకున్న నమూనా ప్రకారం పోతపోసిన ఇనుముతో కట్టారు. ఆ పాత మరల లేతు లండన్ సైన్స్ మ్యూజియం సేకరణలో ఉంది. హైదరాబాదు వెళ్తూ లండన్‌లో ఆగే అవకాశం వస్తే పిల్లలకి చూపించండి. వాళ్ళ ఫోన్ కవరు స్క్రూల కథ కూడా అక్కడినుంచే మొదలవుతుంది.