పొగాకు రారాజు జేమ్స్ డ్యూక్

మహనీయుల జీవితాలను చదివి స్ఫూర్తి పొందడం మనకు అలవాటు. అయితే కొందరి జీవితాలను జాగ్రత్త పడడానికి కూడా చదవవలసి ఉంటుంది. అట్టివారిలో అమెరికా దేశస్థుడైన జేమ్స్ బుకానన్ డ్యూక్ ఒకడు. మన పావగడ తాలూకాలో ఆ పేరు విన్నవారు బహుశా తక్కువే. కానీ ఆయన వేసిన బాట సముద్రాలు దాటి మన వెంకటమ్మనహళ్లి అంగళ్ల వరకూ వచ్చింది. అందుకే ఈ వారం ఆయన కథ.

డ్యూక్ 1856 డిసెంబరు 23న ఉత్తర కరోలినా రాష్ట్రంలో, డర్హం సమీపాన ఒక రైతు ఇంట జన్మించాడు. రెండేళ్లు నిండకముందే తల్లిని పోగొట్టుకొన్నాడు. తండ్రి వాషింగ్టన్ డ్యూక్ అంతర్యుద్ధంలో సైన్యానికి పోయి, 1865లో కాలినడకన ఇల్లు చేరేసరికి అమ్ముకోవడానికి మిగిలింది కొద్దిపాటి పొగాకు మాత్రమే. తండ్రీబిడ్డలు ఆ ఆకును దంచి, జల్లించి, సంచులకెత్తి, బండి మీద ఊరూరా తిరిగి అమ్మారు. ఆ సంచులకు పెట్టిన పేరు ప్రో బోనో పబ్లికో. లాటిన్ భాషలో దానికి ప్రజాహితం కోసం అని అర్థం. బీద రైతు కుటుంబం కష్టపడి నిలదొక్కుకొన్న తీరు మెచ్చదగినదే. వచ్చిన చిక్కంతా ఆ పేరుతోనే.

1874లో కుటుంబం డర్హం పట్టణానికి మారింది. అక్కడ గొట్టపు పొగాకు వ్యాపారంలో తమకన్నా బలమైన పోటీదారులున్నారని గ్రహించి, 1881లో డ్యూక్ సిగరెట్ల తయారీకి దిగాడు. అప్పటికి సిగరెట్టు అంతగా ఆదరణ లేని సరుకు. 1883లో అమెరికా ప్రభుత్వం వేయి సిగరెట్లపై ఒక డాలరు 75 సెంట్లుగా ఉన్న సుంకాన్ని 50 సెంట్లకు తగ్గించింది. డ్యూక్ వెనువెంటనే పది సిగరెట్ల పెట్టె ధరను పది సెంట్ల నుండి ఐదు సెంట్లకు దించాడు. ప్రభుత్వం కలం ఒక్కసారి కదిలితే ఎంత పెద్ద సంత తెరుచుకొంటుందో ఆయనకు అప్పుడే తెలిసింది.

ఆ రోజుల్లో సిగరెట్లు చేతితో చుట్టేవారు. నేర్పరి అయిన పనివాడు నిమిషానికి నాలుగైదు చుట్టగలిగేవాడు. తుమకూరు జిల్లాలో బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లకు ఆ శ్రమ తెలుసు. వేయి బీడీల లెక్కన వచ్చే కూలీ తెలుసు. జేమ్స్ బోన్సాక్ అనే యువకుడు కనిపెట్టిన యంత్రాన్ని డ్యూక్ 1884లో తన కర్మాగారంలో నడిపించాడు. అది పది గంటల్లో లక్షా ఇరవై వేల సిగరెట్లు చుట్టింది. చేతిపనివారి అవసరం తీరిపోయింది.

మరి అన్ని సిగరెట్లు ఎవరు కాల్చాలి? కాల్చేవారు లేకపోతే కాల్చేవారిని తయారుచేయాలి. ఇదే డ్యూక్ కనిపెట్టిన అసలు యంత్రం. 1889లో ఒక్క ప్రకటనలకే ఆయన ఎనిమిది లక్షల డాలర్లు వెచ్చించాడు. ప్రతి పెట్టెలోనూ నటీమణులు మొదలైన వారి రంగుల బొమ్మల అట్ట ఒకటి ఉండేది. పూర్తి వరుస కూర్చాలంటే మళ్లీ మళ్లీ పెట్టెలు కొనాలి. పిల్లలు కూడా ఆ అట్టల కోసం ఎగబడ్డారు. నా చిన్నతనంలో మేము కూడా ఖాళీ సిగరెట్ పెట్టెలు ఏరి, అట్టలు చించి, పందెం కట్టి ఆడుకొనేవాళ్లం. ఏ పెట్టె అట్ట విలువ ఎంతో మాకు ఎక్కాలకన్నా బాగా వచ్చేది. ఆ ఆటకు మూలపురుషుల్లో ఒకడు ఎవరో చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

1890లో డ్యూక్ అయిదు పెద్ద కంపెనీలను కలిపి అమెరికన్ టొబాకో కంపెనీని నెలకొల్పాడు. ఆ దేశపు సిగరెట్లలో దాదాపు 90 శాతం దాని చేతిలోకి వచ్చాయి. కొనేవాడు ఒక్కడైతే ధర చెప్పేవాడూ ఒక్కడే. పొగాకు రైతులు కుమిలిపోయారు. చివరకు 1911లో అమెరికా సుప్రీంకోర్టు ఆ గుత్తాధిపత్యం చట్టవిరుద్ధమని తీర్పు చెప్పి కంపెనీని ముక్కలు చేయించింది.

అప్పటికే బాట సముద్రం దాటింది. 1902లో ఇంగ్లండు వ్యాపారులతో పోటీపడి, పిమ్మట రాజీపడి, డ్యూక్ బ్రిటిష్ అమెరికన్ టొబాకో కంపెనీకి తొలి అధ్యక్షుడయ్యాడు. ఆ కంపెనీ నీడలోనే 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ, 1912లో ఆకు కొనుగోలుకు మన పెద్దలు ఐ.ఎల్.టి.డి. అని పిలిచిన సంస్థ ఏర్పడ్డాయి. బెంగళూరులో సిగరెట్ల కర్మాగారం, చీరాలలో ఆకు కర్మాగారం వెలిశాయి. గుంటూరు సీమ పొలాల్లో వర్జీనియా పొగాకు పెరిగింది, ఆకు కాల్చే బ్యారన్లు లేచాయి. కలకత్తా కంపెనీయే 1974లో ఐ.టి.సి.గా పేరు మార్చుకొంది.

వృద్ధాప్యంలో డ్యూక్ దానధర్మాలకు పూనుకొన్నాడు. 1924లో నాలుగు కోట్ల డాలర్ల నిధి నెలకొల్పాడు. డర్హంలోని ఒక కళాశాల ఆయన కుటుంబం పేర డ్యూక్ విశ్వవిద్యాలయమైంది. 1925 అక్టోబరు 10న ఆయన కన్నుమూశాడు. నేడు ఆ విశ్వవిద్యాలయంలో పేరెన్నికగన్న క్యాన్సర్ వైద్యశాల ఉంది. 2020 నుండి ఆ ప్రాంగణంలో పొగ త్రాగడం నిషిద్ధం. ప్రార్థనాలయం ముందున్న డ్యూక్ విగ్రహం చేతిలో మాత్రం చుట్ట అలాగే ఉంది.

1950లో ఇంగ్లండు, అమెరికా వైద్యులు సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ గల సంబంధాన్ని వెల్లడించారు. ప్రజాహితం మాట చెప్పుకొంటూనే కంపెనీలు ఆ శాస్త్రంపై అనుమానాలు రేపే పనికి పూనుకొన్నాయి. మన దేశంలోనూ ఆ బలం తక్కువ కాదు. పెట్టెపై 85 శాతం స్థలంలో హెచ్చరిక బొమ్మ ఉండాలని కేంద్రం 2014లో నిర్ణయిస్తే, ఇంకా పరిశీలించాలని 2015లో ఒక పార్లమెంటు సంఘం సూచించింది. బీడీ వ్యాపారం గల సభ్యుడొకరు ఆ సంఘంలో ఉండడం అప్పట్లో వివాదమైంది. నిబంధన 2016 ఏప్రిల్‌లో అమలుకు రాగా కంపెనీలు కొన్నాళ్లు ఉత్పత్తి నిలిపివేశాయి. 2017 డిసెంబరులో మన కర్ణాటక హైకోర్టు దానిని కొట్టివేసింది. 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చి నిబంధనను నిలబెట్టింది.

ప్రభుత్వం కూడా రెండు పడవలపై కాళ్లు పెట్టింది. ఒక శాఖ హెచ్చరిక బొమ్మలు వేయిస్తుంది. మరొక శాఖ కింద 1976 నుండి గుంటూరులో పొగాకు బోర్డు నడుస్తోంది. మనం ప్రాణానికి భరోసాగా ప్రీమియం కట్టే ఎల్.ఐ.సి. సైతం ఐ.టి.సి.లో పెద్ద వాటాదారు. ఇంతమంది చేతులు కలిసినా రైతుకు మిగిలిందేమిటి? 2015లో ధర పడిపోయినప్పుడు ప్రకాశం జిల్లాలో పొగాకు రైతులు ఆత్మహత్యలు చేసుకొన్నారు. డ్యూక్ తండ్రి వంటి రైతులే వారు కూడా.

కర్ణాటకలో 2025లో వచ్చిన సవరణ చట్టం 21 ఏళ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదంటోంది. పొలిమేర దాటి ఆంధ్రలో అడుగుపెడితే కేంద్ర చట్టం ప్రకారం ఆ వయస్సు 18. మన పిల్లలకు ఆ పొలిమేర ఒక కాలిబాట మాత్రమే. కనుక చట్టం కన్నా ముందు ఇల్లు మేలుకోవాలి. సాయంత్రం వేళ అరుగు మీద కూర్చొని, బీడీకట్ట తెమ్మని పసివాడి చేతిలో డబ్బులు పెట్టి అంగడికి పంపే పెద్దలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. కాల్చేవారిని తయారుచేయడానికి డ్యూక్ లక్షల డాలర్లు ఖర్చు పెట్టవలసి వచ్చింది. అదే పనిని మనం ఊరకనే చేసిపెడుతున్నాము. ఆ ఒక్క పని మానితే చాలు, ఈ జీవితగాథ చదివినందుకు ఫలితం దక్కినట్లే.